చుట్టి కట్టిన తెరచాప

తిరుపతిలో మా అన్న ఇంటికి ఎప్పుడు వెళ్ళినా, చెప్పులు విడవకముందే నా కళ్ళు హాల్లో కిటికీ పక్కనున్న గాజుపెట్టె మీదికి పోతాయి. అందులో మూరెడు పొడవున్న చెక్క ఓడ ఒకటి, మూడు నిలువు కొయ్యలతో, వాటికి తెల్లటి తెరచాపలతో, సన్నటి తాళ్ళ అల్లికతో నిలబడి ఉంటుంది. దుమ్ము తుడవడానికి వదిన ఆ పెట్టె తలుపు తీసినప్పుడు లోపలి నుంచి పాత తేనెమైనం వాసన వస్తుంది. వచ్చినవాళ్ళంతా ఓడను చూసి ఆశ్చర్యపోతారు. "చిన్నప్పుడు నేను చేసింది" అంటాడు అన్న, వాళ్ళకు టీ కప్పులు అందిస్తూ. నాకూ ఒక కప్పు ఇస్తాడు. నేను ఆ టీ తాగుతాను. నలభై ఏళ్ళుగా తాగుతూనే ఉన్నాను.

పుత్తూరు బజారు వీధిలో మా ఇంటి ముందుభాగం నాయన బట్టల అంగడి, వెనక మేము. ఎముకలు విరిగి కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనం, చేతులు మెడకు వేలాడేసుకుని, కాళ్ళకు వెదురుబద్దలు బిగించుకుని, బస్సు వచ్చేదాకా మా అరుగు మీద కూర్చుని మూలిగేవాళ్ళు. వినాయకచవితి కుడుముల ఆవిరి ఆరకముందే కొండల మీద మబ్బులు దిగేవి, దీపావళి నాటికి ముసురు పట్టుకునేది, ఆరని బట్టల చెమ్మ వాసనలో అమ్మ కాల్చే పోళీల నేతి వాసన కలిసి ఇల్లంతా బరువుగా తిరిగేది. అవ్వ, అంటే నాయన తల్లి, ముసురులోనూ ఎండలోనూ ఒకే చోట కూర్చునేది. కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, ఒళ్ళో కనకాంబరాలు పోసుకుని, వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పలకరిస్తూ, చేతుల వైపు చూడకుండానే దండ కట్టేది. నాకు ముడులు వేయడం నేర్పింది ఆమే. దండ మొదట్లో వేసే జారుముడి, బిగిస్తే ఎంత లాగినా కదలదు, చివరి కొస తెలిసి లాగితే మాత్రం ఒక్కసారిగా ఊడిపోతుంది.

నేను ఎనిమిదిలో, అన్న పదిలో ఉన్న ఏడాది, చిత్తూరులో బడిపిల్లల ప్రదర్శన పెట్టారు. మా డ్రాయింగ్ అయ్యవారు ఒక పాత క్యాలెండరులోని ఓడ బొమ్మను అట్టకు అతికించి తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టాడు. మేమిద్దరం సముద్రం మొహం చూసినవాళ్ళం కాదు. "చెక్క పని నీదబ్బా. తాళ్ళు, తెరచాపలు పాపవి. ఇద్దురూ చిత్తూరుకు రావల్ల" అన్నాడు. మా ఇంట్లో పెద్దమనిషి అయిన ఆడపిల్ల బడికి పోయిన దాఖలా లేదు, మా అత్తలు ముగ్గురూ ఏడో క్లాసు దాటలేదు. ఆ సంగతి అయ్యవారికి తెలుసు. "బహుమతి వస్తే ఆ కాగితం చేత్తో పట్టుకుని మీ నాయన దగ్గరికి నేనొస్తా పాపా. పదోక్లాసు దాకా నిన్ను చదివించే పూచీ నాది" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఆ రెండు నెలలూ ఆటలు మానేశాను.

ఏర్పేడు పక్కన చెక్కబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర నాయన ఓడ అడుగుభాగాన్ని తొలిపించి తెచ్చాడు. అన్న దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసి, రంగు వేసి, కొయ్యలు నిలబెట్టాడు. వాడి పని బాగుంది, కాదనను. తక్కినదంతా నాది. అంగడిలో మిగిలిన మల్లుగుడ్డలో ఒక్కో దారం లాగి, ఆ గాడి వెంబడే కత్తిరిస్తే అంచు వంకర పోదు. ఆ అంచులను కంటికి కనిపించనంత సన్నంగా మడిచి కుట్టి, అన్నం వార్చిన గంజిలో ముంచి, ఇత్తడి బిందె పొట్ట మీద పరిచి ఆరబెట్టేదాన్ని. ఆరాక ఒలిచి తీస్తే గాలి నిండినట్టు ఉబ్బి నిలబడేవి. అవ్వ వత్తులు చేసినట్టు దారాలను తొడ మీద పేనిపేని లావు తాళ్ళూ సన్నతాళ్ళూ చేసి, కొండల నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర కొన్న మైనంతో నున్నగా రుద్దేదాన్ని. తాళ్ళు దూరడానికి చిన్నచిన్న గిలకలు కావాలంటే, అవ్వ తెగిపోయిన తన తులసిపూసల దండను నా అరచేతిలో పోసి, "దేవుని పూసలే, జాగ్రత్తగా కట్టుకో" అంది. కొయ్యకు కట్టిన తాడును అటు లాగితే ఇటు వదులయ్యేది, ఇటు బిగిస్తే అటు వంగేది. రెండువైపులా సమానంగా బిగిసేదాకా విప్పడం, మళ్ళీ కట్టడం. నా వేళ్ళ కొసలు దారం కోతలతో మండేవి, అన్నంలో కారం కలుపుకోవాలంటే ఏడుపొచ్చేది.

చిత్తూరు ప్రయాణం నాలుగు రోజులుందనగా, ఓడను ముందు పెట్టుకుని చివరి తాడు బిగిస్తుంటే, అమ్మ నా వెనక నిలబడి, "లెయ్యొద్దు, ఆడనే కూర్చో" అంది. ఆమె గొంతు విని నాకు సంగతి అర్థమైంది. సాయంత్రానికి మేనమామ పచ్చి కొబ్బరాకులు తెచ్చి, వసారా మూలలో తడిక అడ్డం పెట్టాడు. చిమ్మిలి ఉండలు పెట్టారు, పాటలు పాడారు. నేను కూర్చున్న చాప, తాగిన చెంబు, తాకినవన్నీ అవ్వ శుద్ధి చేసింది. చివరికి ఓడ దగ్గరికి వచ్చింది. అన్న దాన్ని మోసుకుని ఊరు పోవాలి కదా, వాడికి మైల అంటకూడదని, చెంబెడు పసుపునీళ్ళు తెరచాపల మీద నుంచి నిండుగా పోసింది. తడిక సందులోంచి చూస్తూ ఉన్నాను. తెల్లటి గుడ్డలు పచ్చగా తిరిగి, గంజి కరిగి, తడిసిన కోడిరెక్కల్లా వేలాడాయి. "అవ్వా, వద్దే!" అని అరిచాను. "ఏం కాదులే. పసుపు మంచిదే" అంది. ఆమె మనసులో చెడు లేదు. అందుకే నాకు ఈనాటికీ ఆమె మీద కోపం తీరే దారి లేదు.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తున్న వేళ అన్న తడిక దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళు వాచి ఉన్నాయి. "నాకు ఒక్క ముడి గూడా పడ్లేదు మే. నువ్వే కట్టు. నేనే కట్టినానని అవ్వతో చెప్తా. లేకుంటే మళ్ళా నీళ్ళు పోస్తాది" అన్నాడు. ఓడను తడిక కింద నుంచి లోపలికి జరిపాడు. ఆ మాట నాకు అప్పుడు ముద్దొచ్చింది, నా కోసమే అబద్ధమాడుతున్నాడనుకున్నాను. నా పళ్ళెంలోని మెతుకులు పిసికి ఆ జిగురుతోనే తెరచాపలకు పట్టించాను, వదులైన తాళ్ళన్నీ విప్పి కట్టాను. నడిమి కొయ్య మీది పెద్ద తెరచాప మాత్రం దారికి రాలేదు. ఓడ ఆగినప్పుడు తెరచాపను చుట్టేస్తారని అయ్యవారు చెప్పిన మాట గుర్తొచ్చి, దాన్ని అడ్డకర్రకు గట్టిగా చుట్టి, జారుముడి వేసి, ఓడను మళ్ళీ తడిక కిందనుంచి బయటికి నెట్టాను.

అన్న ఒక్కడే చిత్తూరు పోయాడు. పచ్చటి తెరచాపలు అందరికీ కొత్తగా కనిపించాయట. మొదటి బహుమతి ఇచ్చారు. తాళ్ళు ఎవరు కట్టారని పెద్దలు అడిగితే "నేనే" అన్నాడట. కాగితం మీద ఒక్క పేరే రాశారు.

అయ్యవారు మాట తప్పలేదు. వానలో గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చి, నా చదువు సంగతి ఎత్తాడు. నేను తలుపు చాటున ఉన్నాను. నాయన ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"దీంట్లో పాప పేరు యాడుండాది అయ్యవారూ? సూపించండి."

అయ్యవారు అన్న వైపు తిరిగాడు. "నువ్వు సెప్పబ్బా. ఈ తాళ్ళు ఎవురు కట్టినారు?"

అన్న వాకిలికి ఆనుకుని కాలి వేళ్ళు చూసుకుంటున్నాడు. అవ్వ దండ కట్టడం ఆపి వాడి వైపే చూస్తోంది.

"నేనే కట్టినాను" అన్నాడు.

అయ్యవారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. నా బడిసంచిని అమ్మ పప్పుల డబ్బాల వెనక పెట్టింది. ఆ తర్వాత పెళ్ళయ్యేదాకా అంగడి వెనక కూర్చుని దిండు గలీబులు కుట్టాను. మైలలో నేనే కట్టిన సంగతి తెలిస్తే అవ్వ ఏమంటుందోనని భయపడి ఉంటాడని, ఎన్నో ఏళ్ళు వాడి తరఫున నేనే సమాధానం చెప్పుకున్నాను. అవ్వ పోయి ముప్పై ఏళ్ళయింది. నాయనా పోయాడు. ఇంకా ఎవరికి భయపడుతున్నాడు? భయమేమీ లేదు, అలవాటయింది, అంతే.

మొన్న మళ్ళీ వెళ్ళాను. పుత్తూరులో ఆ ఇల్లు లేదు, అరుగూ లేదు. గంజి పెట్టే బట్టలూ ఇప్పుడు ఎవరూ కట్టడం లేదు. కిటికీ ఎండకు ఓడ తెరచాపల మీది పసుపు కూడా ఎప్పుడో వెలిసిపోయింది. నేను తాకినందుకు మిగిలిన గుర్తు అదొక్కటే, అదీ పోయిందని అనుకుంటూ కూర్చున్నాను. అన్న మనవరాలు, ఎనిమిదేళ్ళ పిల్ల, గాజుకు ముక్కు ఆనించి, "తాతా, ఈ ముడి ఎట్ల కట్టినావు?" అని అడిగింది. "ఎప్పటిదో లేమ్మా, మర్సిపోయినా" అన్నాడు అన్న, పేపరు మీది నుంచి తల ఎత్తకుండా.

నేను లేచి వెళ్ళి పెట్టె తలుపు తీశాను. నడిమి కొయ్య మీది ముడి కొస నా వేళ్ళకు తడమకుండానే దొరికింది. లాగాను. చుట్టి కట్టిన తెరచాప జారి, సగం విచ్చుకుని ఆగింది. లోపలి మడతలన్నీ పచ్చగా ఉన్నాయి, అవ్వ చెంబుతో పోసిన నాటి పసుపు అది.

"తాతా, లోపల పసుపుండాది!" అని పిల్ల చప్పట్లు కొట్టింది.

అన్న పేపరు కిందపెట్టాడు. ఓడను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "కట్టెయ్ మే" అన్నాడు మెల్లగా. "నాకు రాదు గదా."

ఈ మాట ఆనాడు అయ్యవారి ముందు అని ఉంటే సరిపోయేది. నేను చేతికంటిన మైనం కొంగుకు తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాను. తెరచాపను అలాగే వదిలేసి వచ్చాను.