పసుపే అనుకున్నాను

బిడ్డల ఊపిరిని తన గుప్పిట్లో కాచే తండ్రికి స్తోత్రం. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేదంతా కోపమే.

ఆర్మూర్‌లో పసుపు గోదాములో పని నాది. కొమ్ములు ఒకవైపు, గుండ్రటి దుంపలు ఒకవైపు ఏరడం. ఎంత కడిగినా చేతుల పసుపు పోదు. ఇంట్లో నేను పట్టుకున్న చెంబు పసుపు, పాప గౌను పసుపు. గోదాము యజమాని మా చర్చి సంఘంలో పెద్ద. పనిలో సేటు, ఆదివారం అన్న.

ఐదేళ్ల పాపకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. మంగళవారం పొద్దున్నే అడిగాను.

"పాపకు బాగలేదు సేటూ. దవాఖానకు తోల్కపోవాలె, ఒక్క రోజు సెలవియ్యుండ్రి."

"లారీ నిలబడ్డది సిస్టర్. గీ ఆడోళ్లందరికీ పిల్లలున్నరు. మోకాళ్లూను, ప్రార్థన చేస్త."

బస్తాల నడుమ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆమెన్ అన్నాను. అన్నాక సెలవు మళ్లీ ఎట్లా అడగను? విశ్వాసం లేదంటాడు.

పక్కన ఏరుతున్న ఆమె నవ్వింది. "మాకు సెలవియ్యకుంటే సేటును తిట్టుకుంటం. నీకు గా భాగ్యం గూడ లేదు."

తెల్లారకముందే పాపను మా అక్క దగ్గర వదిలేదాన్ని. చీకటి పడ్డాక వచ్చి ఒళ్లో వేసుకుంటే, బల్బు వెలుగులో చెంపలు పచ్చగా ఉండేవి. నా చేతులదే అనుకుని తడిగుడ్డతో తుడిచేదాన్ని. "ముందు చేతులు కడుక్కో" అని అక్క కూడా కసిరింది.

శుక్రవారం పాప ఎంత పిలిచినా లేవలేదు. పని మానేసి ఎత్తుకుని పరుగెత్తాను. దవాఖానలో నర్సు దూదితో చెంప తుడిచి, రెప్ప ఎత్తి చూసింది.

"గిది పసుపు కాదమ్మా, కామెర్లు. గిన్ని రోజులు పిల్ల కండ్లు సూడలేదా?"

చూడలేదు. పగటి వెలుగులో నా బిడ్డ ముఖం చూసి మూడు రోజులైంది.

చాలా రోజులు మంచం మీద ఉండి పాప బతికింది. పాప కోలుకున్నాక వచ్చిన ఆదివారం అన్న సంఘంలో లేచి, "మన ప్రార్థన ప్రభువు ఆలకించిండు. సిస్టర్, సాక్ష్యం చెప్పు" అన్నాడు.

చెప్పాను. "దేవుడు బతికించిండు. అన్న ప్రార్థన ఇచ్చిండు. నేను అడిగింది సెలవు."

అన్న గబగబా పాట ఎత్తుకున్నాడు. సోమవారం పనికి వెళ్తే నా చోట్లో ఇంకో మనిషి కూర్చుని ఏరుతోంది.

బైబిల్లో, జబ్బు పడ్డ కూతురి కోసం ఒక తండ్రి బతిమాలితే, ప్రభువు లేచి ఆ ఇంటికి నడిచి వెళ్లాడు. చదివే మీరూ నాతో కళ్లు మూసుకోండి. తండ్రీ, ఇంకో తల్లి సెలవు అడిగినప్పుడు నీ పేరు అడ్డం పెట్టే నోటిని మూయించు. ఆమెన్ అనండి. మీ కింద పనిచేసేవాళ్లుంటే, ఆలోచించి అనండి.