కర్ర ఊపే మనిషి లేని కన్‌సెర్టో

మా నరసరావుపేట వాద్యబృందంలో పన్నెండుమందిమి ఉన్నాం. ఎదురుగా నిలబడి కర్ర ఊపే మనిషి మాత్రం లేడు. ఇలాంటి బృందాలు విదేశాల్లో కూడా ఉన్నాయనీ, అక్కడ దాన్నొక ఆదర్శంగా పాటిస్తారనీ తర్వాతెప్పుడో ఫోన్లో చూసి తెలుసుకున్నాను. మా దగ్గర ఆదర్శమేమీ లేదు. ముగ్గురిని నిలబెట్టి చూశాం. మొదటాయన కర్రతో ఎవరివైపు చూపిస్తే వాళ్ళు, నన్నేనా చూపించేది అని వాద్యం పెట్టెలో సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయేవారు. రెండో ఆయన వివరించడం మొదలుపెడితే వివరణ పూర్తయ్యేసరికి రిహార్సల్ పూర్తయ్యేది. మూడో ఆయన నేనే. నా గురించి నేను రాసుకోవడం బాగుండదు గానీ, మా వదినగారి అభిప్రాయం నా డైరీలో ఉంది.

"మరిదీ, కాలవ మీద గేట్లు ఎత్తినట్టు ఎత్తుతున్నావు చేతులు. నీళ్ళు రావట్లా."

నేను సాగర్ కుడి కాలువ మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. రోజూ పొద్దున్నే గేజి దగ్గర నీటిమట్టం చూసి రాయడం నా పని. ఆ అలవాటుకొద్దీ ఇప్పటికీ ప్రతిదీ రాస్తాను. వయొలిన్ చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నాను. వదినగారంటే మా ఆవిడకి అక్క. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అక్కడ పనిచేసిన విదేశీ డాక్టరమ్మ ఒకావిడ తిరిగి వెళ్ళిపోతూ తన చెల్లో ఈవిడకి ఇచ్చిపోయింది. వయొలిన్ ఆకారంలోనే ఉండి, కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించేంత పెద్ద వాద్యం అది. పల్నాడు మొత్తానికి అదొక్కటే ఉందని వదినగారు అంటుంది. కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి అదే నిజం.

మా పన్నెండుమందిలో సగం చర్చిలో నేర్చుకున్నవాళ్ళు. కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా కాగితం పెట్టుకుని వాయిస్తారు. మిగతా సగం గుళ్ళో భజనలకీ, పెళ్ళిళ్ళకీ వాయించేవాళ్ళు. చాప మీద కూర్చుంటే గానీ వాళ్ళకి చెయ్యి ఆడదు, కాగితం చూస్తే నిద్రొస్తుంది. ఒకసారి వింటే చాలు, ఆరు నెలల తర్వాత కూడా పొల్లుపోకుండా వాయిస్తారు. కుర్చీలవాళ్ళకి చాపవాళ్ళ నడినెత్తులు కనిపిస్తాయి. చాపవాళ్ళకి కుర్చీలవాళ్ళ మోకాళ్ళు కనిపిస్తాయి. ఒకరి ముఖం ఒకరికి కనిపించని ఈ ఏర్పాటులో మేము వాయించబూనింది ఎ మైనర్ అనే శ్రుతిలో ఒక వయొలిన్ కన్‌సెర్టో. ఒక వయొలిన్ ముందుండి నడుస్తుంది, మిగతా అందరూ దానికి వెనక నిలుస్తారు. మూడు భాగాలు ఉంటాయి. మొదటిది వేగం, రెండోది నెమ్మది, మూడోది మళ్ళీ వేగం. ముందు నడిచే వయొలిన్ నాది.

నలభై ఏళ్ళు దాన్ని ఇంట్లో ఒంటరిగా సాధన చేసినవాణ్ణి. వెనక పదకొండుమందితో ఒక్కసారైనా జనం ముందు వాయించాలన్నది నా కోరిక. చిక్కల్లా ఏమిటంటే, రిహార్సల్‌లో మేము ఒక్కనాడూ చివరిదాకా పోలేదు.

వేగంగా పోయే భాగాల్లో ఏ ఒక్కరూ పక్కవాణ్ణి ముందుకు పోనివ్వరు. కుర్చీల్లో ఒకాయన కాస్త జోరందుకుంటే, చాప మీద వాళ్ళు అతన్ని దాటితే గానీ ఊరుకోరు. మాచర్ల రోడ్డు మీద రెండు బస్సులు పోటీ పడినట్టు ఉండేది. నెమ్మదిగా పోయే భాగంలో సరిగ్గా దీనికి తలకిందులుగా, అందరికీ మర్యాద ముంచుకొచ్చేది. చాప మీద మా అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు, ఆయనదీ వయొలినే, తాలూకా ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ముందు వాయించేవారు ఎటు పోతే అటు పోవడమే పక్కవాద్యం ధర్మమని ఆయన నియమం, చాప మొత్తానికీ అదే నియమం. నేను ఒక స్వరం మీద కాస్త నిలిస్తే వాళ్ళూ నిలుస్తారు. వాళ్ళు నిలిచారు కదా, అందుకున్నాక పోదామని నేను ఇంకాస్త నిలుస్తాను. ఆయన ఆగారు కదా అని వాళ్ళు ఇంకా ఆగుతారు. ఇలా మీరు ముందంటే మీరు ముందు అనుకుంటూ, పాట చివరి పొలాలకి చేరే కాలువ నీరులా సన్నబడి, ఎక్కడో ఒకచోట ఇంకిపోయేది. ఈ భాగంలో వదినగారికి పనిలేదు. ఆ కన్‌సెర్టో రాసినవాడు అక్కడ చెల్లోకి విశ్రాంతి ఇచ్చాడు. ఆవిడ చెల్లో వాయించే విల్లు ఒళ్ళో పెట్టుకుని మావైపు చూస్తూ కూర్చునేది. ఆసుపత్రిలో మందు వేసుకోనని మొరాయించే రోగుల్ని కూడా అలాగే చూసి ఉంటుంది.

చర్చి హాలు మాకు ఇచ్చింది పాస్టరుగారు. కోత పండగ నాడు సాయంత్రం వాయించమని అడిగిందీ ఆయనే. అయితే ఒక మాట ముందే చెప్పారు. జనం ముందు మధ్యలో ఆగితే మాత్రం ఇక గుంటూరు నుంచి ఒక సంగీతం మాస్టారిని పిలిపిస్తానన్నారు. ఆ మాస్టారు మాకందరికీ తెలిసినవాడే. కర్రతోపాటు మేనల్లుణ్ణి కూడా వెంటబెట్టుకుని వస్తాడు. ఆ మేనల్లుడు వయొలిన్ వాయిస్తాడు. అతను వస్తే నా చోటు ఎక్కడో చెప్పక్కర్లేదు. వెనక వరసలో, కిటికీ పక్కన.

కోత పండగంటే మా చర్చిలో సంఘంవాళ్ళు పంటలో తొలి భాగం తెచ్చి అర్పిస్తారు. గుమ్మడికాయలు, మిరపకాయల బస్తాలు, కోళ్ళు, ఒక్కోసారి మేకపిల్ల. వాటిని అక్కడే వేలం వేస్తారు. ఆ రోజు వేలం సగంలో ఆపి మమ్మల్ని వాయించమన్నారు, జనం లేచి పోకుండా ఉంటారని. వేలం పాడించేది మిర్చి కమీషను కొట్టు ఆయన. మైకు మా మధ్యలోకి తెచ్చి పెట్టి, గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు నన్నే చూస్తున్నాడు.

మొదటి భాగం గడిచిపోయింది. బస్సులు రెండూ గమ్యం చేరాయి, ఏ బస్సు ముందన్నది వదిలేస్తే. రెండో భాగం ఎత్తుకున్నాను. నా నలభై ఏళ్ళ సాధనంతా ఈ భాగం కోసమే. అందులోనూ కాగితం మీద చివరి నాలుగు వరసలు. పాట ఒక్కో మెట్టే దిగి వచ్చి ఒకచోట కూర్చుంటుంది, అక్కడ నా వయొలిన్ బాగా పలుకుతుందని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. వాటి కోసమే అంతా వాయిస్తున్నాను. అవి ఇంకా రాకముందే ఒక పొడుగాటి స్వరం మీద నిలిచాను. చాప నిలిచింది. చాప నిలవడం చూసి కుర్చీలు నిలిచాయి. పెద్దాయన తలెత్తి, తమరు కానివ్వండి అన్నట్టు ఎంతో వినయంగా నా మోకాళ్ళవైపు చూశారు. నేను వాళ్ళు కదిలాక కదులుదామని ఉన్నాను. చేతిలో విల్లు చివరికొచ్చేసింది. హాల్లో కోళ్ళు తప్ప మరేదీ వినిపించడం లేదు.

కమీషను కొట్టు ఆయన అయిపోయిందనుకున్నాడు. లేచి, ఒక చేత్తో గుమ్మడికాయ ఎత్తి, రెండో చేత్తో మైకు అందుకున్నాడు.

"చానా బాగా వాయించారు. గుమ్మడికాయ, ఒకటోసారి—"

పాస్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు. గుంటూరు మేనల్లుడు నా కళ్ళముందు మెదిలాడు. అప్పుడు వెనకనుంచి చెల్లో మోగింది. మోగిందనడం కూడా తక్కువే. మూడో భాగం మొదలు, వేగంగా. నా నాలుగు వరసలూ మిగిలే ఉన్నాయని ఆవిడకి తెలుసు. చాపవాళ్ళు విన్నదాన్ని పట్టుకుని పోయేవాళ్ళు కాబట్టి క్షణంలో వెంటపడ్డారు. కుర్చీలవాళ్ళు ఒకేసారి కాగితాలు తిప్పితే పావురాలు లేచినట్టైంది. గత్యంతరం లేక నేనూ పరిగెత్తాను. కమీషను కొట్టు ఆయన గుమ్మడికాయ ఎత్తినవాడు ఎత్తినట్టే, మధ్యలో కూర్చోవడం మర్యాద కాదని కాబోలు, చివరిదాకా నిలబడే ఉన్నాడు.

మేము చివరిదాకా పోయాం. పన్నెండుమందిమీ ఒకేసారి ఆగాం. ఆవిడ విల్లు పైకి లేపింది, అందరం లేపాం.

జనం చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు వచ్చి, ఆగిపోయారేమో అనుకున్నాను, ఎక్కడా ఆగలేదు, చూశారా, కర్ర మనిషి లేకపోయినా మీరే నడిపించారు అని నా చెయ్యి పట్టుకుని ఊపారు. గుంటూరు ప్రస్తావన మళ్ళీ ఎత్తలేదు. గుమ్మడికాయ మంచి ధరకే పోయింది.

ఇంటికి నడిచి వస్తూ వదినగారితో చెప్పాను, నా నాలుగు వరసలూ పోయాయి అని. ఆవిడ చెల్లో పెట్టె నా భుజానికి తగిలించి చేతులు ఊపుకుంటూ నడుస్తోంది.

"నాలుగు వరసలు పోతే ఏంది? మనిషివి మిగిలావుగా."

"అవే నాకు ముఖ్యమైనవి, వదినా."

"అయితే వాయించకపోయావా? ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

నన్ను పట్టుకుంది చాపవాళ్ళేననీ, వాళ్ళని పట్టుకుంది నేనేననీ వివరించబోయాను. ఆ వివరణ ఆవిడ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు విన్నట్టుంది, సగంలోనే ఆపింది. "పెద్దమనుషులంతా గుమ్మం దగ్గర నిలబడి మీరు ముందంటే మీరు ముందంటుంటే, లోపల అన్నం చల్లారిపోద్ది. నువ్వు పో. వాళ్ళే వస్తారు."

తర్వాతి వారం రిహార్సల్‌లో ఆ నాలుగు వరసలూ వాయిద్దామని అడిగాను. జనం లేరు, కోళ్ళు లేవు. వదినగారు చెల్లో గోడకి ఆనించి, కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. ఆ పొడుగాటి స్వరం వచ్చింది. చాప నిలిచింది. పెద్దాయన వినయంగా తలెత్తారు. నేను ఆయనవైపు చూడకుండా, ఎవరి కోసమూ ఆగకుండా, మొదటి మెట్టు దిగాను.

ఒక్కణ్ణే దిగాను. రెండో మెట్టు కూడా ఒక్కణ్ణే. మూడో మెట్టు దగ్గర పెద్దాయన గొంతు సవరించుకోవడం వినిపించింది, ఇదేం మనిషి అన్నట్టు. వెంటనే ఆయన వయొలిన్ నా వెనకే వచ్చింది, దాని వెనక మిగతావి.