పెయింట్ కింద బోల్టులు

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, కార్తీక మాసం మొదట్లో, వాకాడు వైపు సముద్రపొడ్డున కొత్తగా కట్టిన పార్కు పారిశుధ్యం నాకు అప్పగించారు. నా హోదా శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఊడ్చేవాళ్లు, వాళ్ల మీద మేస్త్రి, ఆ పైన నేను. నా సంతకం పడితేనే పని పూర్తయినట్టు లెక్క.

పార్కులో పన్నెండు జంట చెత్తడబ్బాలు ఉండేవి. తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి, రెండూ ఒకే ఇనుప స్టాండుకు వేలాడేవి. స్టాండును నాలుగు బోల్టులతో సిమెంటు దిమ్మకు బిగిస్తారు. నిండిన డబ్బాతో భయం లేదు. ఖాళీ డబ్బాలో గాలి దూరిందంటే స్టాండు మొత్తాన్ని ఊపేస్తుంది.

అక్కడ ఊడ్చే రమణమ్మ చేపల వేటకు వెళ్లే కుటుంబం మనిషి. ఒక్కో స్టాండునూ పాత వలతాడుతో పక్కనున్న రైలింగుకు కట్టిపెట్టింది. పై అధికారుల తనిఖీకి ముందురోజు ఆ తాళ్లు చూసి మండిపడ్డాను. ఇది పార్కా, పడవల రేవా అని కసిరి, విప్పెయ్యమన్నాను.

“ఉప్పుగాలికి బోల్టులు నిలవవు సార్. నేను దినామూ చూస్తానే ఉండాను” అనింది.

నేను వినలేదు. తాళ్లన్నీ విప్పించాను. తనిఖీ అనగానే మావాళ్లకు ముందు గుర్తొచ్చేది పెయింటే. స్టాండులకు, దిమ్మలకు, చివరికి బోల్టులకు కూడా ఆకుపచ్చ రంగు కొట్టించాను. డబ్బాలన్నీ ఖాళీ చేయించి కడిగించాను. బోల్టులు బిగుతుగా ఉన్నాయని రిజిస్టరులో రాసి సంతకం చేశాను. ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకోలేదు.

మర్నాడు అధికారులు వచ్చి మెచ్చుకుని వెళ్లారు. మధ్యాహ్నానికి వాయుగుండం గాలి అందుకుంది. రమణమ్మ పిట్టగోడ పక్కన వంగి, వనభోజనాలకొచ్చినవాళ్లు వదిలేసిన విస్తరాకులు ఏరుతోంది. ఆమె వెనక స్టాండు ఊగడం గేటు దగ్గర్నుంచి చూశాను. గొంతు చించుకుని అరిచాను. ఆమెకు వినపడలేదు. మనిషి పోతుందన్న భయంతో పాటు రిజిస్టరులో నా సంతకం కూడా కళ్ల ముందు మెదిలింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

స్టాండు ఊడి, దొర్లుకుంటూ పోయి, ఆమె తలకు జానెడు దూరంలో గోడను గుద్దింది. గోడ పెచ్చులూడింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి ఆమె లేచి నిలబడి ఉంది. దిమ్మ మీద విరిగిన బోల్టులు చూశాను. పైన నిగనిగలాడే ఆకుపచ్చ, లోపలంతా తుప్పు పొడి. చుట్టూ మిగతా పదకొండు స్టాండులూ ఊగుతున్నాయి.

రమణమ్మ తన సంచి అందుకుంది.

“తాళ్లు సంచిలోనే ఉండాయి సార్. మళ్ళా కట్టేదా?” అని అడిగింది.

నాకు ఆ ముడి రాదు. ఆమె వేస్తుంటే స్టాండులు కదలకుండా పట్టుకున్నాను. పదకొండోదాని ముడి బిగిసేదాకా వదల్లేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, సుత్తితో తట్టి చూడనిదే ఏ బోల్టుకూ రంగు వేయనివ్వలేదు. సంతకం పెట్టే ముందు అక్కడ ఊడ్చే మనిషిని అడిగేవాణ్ని.