డబ్బాలోని ఆకుతీగ

తమలపాకు తీగ ముత్తైదువ చేతికే బతుకుతుందని వరంగల్ బజారులో చాలామంది నమ్మేవారు. భర్త పోయిన స్త్రీ తాకితే అది వాడిపోతుందనేవారు. లక్ష్మీనర్సమ్మ ఈ నమ్మకాన్ని పరీక్షించాలని అనుకోలేదు. ఆమెకు ఆకు నమలడం ఇష్టం. పప్పుల వ్యాపారి అయిన భర్త 1958లో చనిపోయాక ఇంటివాళ్లు దాన్ని మాన్పించారు. మరిది కుటుంబం కింద ఉండి, ఆమెకు డాబామీది గది ఇచ్చింది. తినకూడని ఆకును కనీసం చూస్తూ ఉండవచ్చునని ఆమెకు తోచింది.

మడికొండ నుంచి ఆకుబుట్టతో వచ్చే సమ్మమ్మను తీగముక్క అడిగింది.

"నా చేతికి బతుకుతదంటవా?"

"నీ మెడల తాడున్నదా లేదా అని సూసెటందుకు తీగకు కండ్లున్నయా, అమ్మా? నీడకు పెట్టు. నీళ్లు జర తక్కువ పొయ్యి."

పెద్ద డాల్డా డబ్బా అడుగున చిల్లులు పొడిచి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంట కలిపి నింపింది. గోనెసంచి చుట్టిన కర్రను మధ్యలో నిలిపింది. మొదట ప్రేమకొద్దీ ఎక్కువ నీళ్లు పోయడంతో ఆకులు పండాయి. తగ్గించాక తేరుకున్నాయి. మరుసటి వానకాలానికి తీగ కర్ర పైదాకా అల్లుకుంది. నమ్మకం మాత్రం ఓడిపోలేదు, మాట మార్చుకుంది. అదంతా కింద తిరిగే ముత్తైదువ, మరిది భార్య రాజేశ్వరి చలవేనని అన్నారు.

1964లో రాజేశ్వరి కూతురు సుగుణకు పెళ్లి కుదిరి, తాంబూలాలు మార్చుకునే వరపూజకు రోజు పెట్టారు. ముసురుకు బజారులో ఆకులన్నీ మచ్చలు పడ్డాయి. రాజేశ్వరి పైకి వచ్చింది.

"అక్కా, గీ డబ్బ జర కిందికి దింపుకుంట. రెండొద్దులు నా వాకిట్ల ఉంటే నా చేతి తీగైతది. నీదంటే పిల్లగానోళ్లు ఏమంటరో!"

నేలలో పాతిన తీగను ఇంకొకరిదనడం కష్టం. డబ్బాలోని తీగకు నాలుగు మెట్లు దిగితే చాలు.

"ఇన్నేండ్ల సంది నేను నీ ఇంట్లనే ఉంటున్న. నేను నీ చేతి మనిషినైతినా?"

"ఊకో అక్కా, నీతోని మాట్లాడుడే తంటా."

"నా తీగ అని చెప్పి తెంపుకో. పిల్లకు లేవంటనా? చెప్పనంటే మాత్రం డబ్బ కదలదు."

రాజేశ్వరి ఉత్త చేతులతో దిగిపోయింది.

వరపూజ నాడు తాంబూలాలలో మచ్చల ఆకులే పెట్టారు. మేనత్తలు, ముత్తైదువలు కింద కూర్చున్న వేళ లక్ష్మీనర్సమ్మ తీగనుంచి రెండాకులు తెంపింది. తొడిమలు గిల్లి, సున్నం రాసి, వక్క పెట్టి మడిచింది. పిట్టగోడ దగ్గర, కిందివాళ్లకు కనిపించేచోట నిలబడి నమిలింది. ఆ తరువాత రోజూ నమిలింది.