మా తమ్ముడు చెప్పిన పేరు

పోయిన నెల మా మనవడి పెళ్ళి అమరచింతలో జరిగి, కొత్త జంట గద్వాలలో మా ఇంటి గడప దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఆనందం ఒక్కటే కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. డెబ్బై దాటిన ఈ వయసులో, సొంత మనవడి మీద నాకు కడుపు మండింది. నాకున్న నత్తే వాడికీ వచ్చింది. అయినా వాడి అక్కచెల్లెళ్ళు దారికి అడ్డం నిలబడి పెళ్ళాం పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటే, వాడు ఊపిరి తీసుకుని, కాస్త తడబడుతూనే చెప్పేసి నడిచాడు. గంట ముందు ఒక చిన్న మాత్ర వేసుకున్నాడని తర్వాత తెలిసింది.

అది నత్తిని పోగొట్టేది కాదట, పదిమందిలో గుండె దడదడలాడకుండా చూసేదట; మాట కోసం ఏడాదిగా వేరే సాధన చేస్తున్నాడట. నాకూ ఒకటి ఇవ్వమన్నాను. మా కోడలు "మీకు ఆయాసం ఉన్నది గద మామా, గా గోలి మీకు పడదంట" అని డబ్బా తీసి పైన పెట్టింది.

మా రోజుల్లో నత్తికి మందంటే, మీకూ గుర్తుండే ఉంటుంది, వసకొమ్మే. అమ్మ దాన్ని తేనెలో అరగదీసి రోజూ పొద్దున్నే నా నాలుకకు రాసేది. మందు నాకు, మాటలు మా తమ్ముడికి. మేం నేసిన చీరలు కొనే సేఠు చూసి ఈ అంచు ఎవరు నేసిండ్రని అడిగితే, నేను నోరు తెరిచేలోగా వాడే నా పేరు చెప్పేవాడు. చెప్పేది నా మంచికే అయినా, వాడి నాలుక చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నా పెళ్ళికి నెల ముందు నుంచీ, మగ్గం మీద దారం మోసే నాడె అటు పోయినప్పుడొకసారి, ఇటు వచ్చినప్పుడొకసారి, కాబోయే భార్య పేరు అనుకుంటూ నేశాను. ఒక్కసారి కూడా నాలుక తడబడలేదు. తీరా మా అక్క గడపకు చెయ్యి అడ్డం పెట్టి అడిగేసరికి, మొదటి అక్షరం దగ్గరే దవడ బిగుసుకుపోయింది. పిల్లలు నవ్వారు, పెద్దలు నేల చూపులు చూశారు. నా అవస్థ చూడలేక, వెనక నిలబడ్డ తమ్ముడు ఆ పేరు గట్టిగా చెప్పేశాడు. మరిది వదినను పేరు పెట్టి పిలుస్తాడా అని మేనత్త వాడి వీపు మీద ఒక్కటిచ్చింది, అందరూ విరగబడి నవ్వారు, అక్క చెయ్యి తీసేసింది.

ఆ మేలును నేను ఏళ్ళ తరబడి క్షమించలేదు. తర్వాత నాలుగు గోడల మధ్య ఆమెను ఆ పేరుతో పిలవచ్చు గదా అంటారేమో; ఒకసారి అంతమందిలో పోయిన ధైర్యం మళ్ళీ రాలేదు, "ఇగో" అన్న పిలుపుతోనే సంసారం గడిచిపోయింది.

పోయిన నెల గడప దగ్గర మనవడు పేరు చెప్పగానే కొత్త పెళ్ళికూతురు తలెత్తి నవ్వింది. నా పక్కన నిలబడ్డ నా భార్య చూపు తిప్పకుండా, "జర చూడుండ్రి, పిల్ల ముఖం ఎట్ల వెలిగిందో" అన్నది. ఆ గొంతు విన్నాక తెలిసింది, ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఈర్ష్య పడ్డది నేనొక్కణ్ణే కాదని. ఇప్పటివాళ్ళు పెళ్ళి కుదిరిన రోజు నుంచే ఫోన్లలో పేర్లు పెట్టి పిలుచుకుంటారు, గడప దగ్గరి ఆట వాళ్ళకు ఒక సరదా. మా కాలంలో ఆడది తన పేరు మొగుడి నోట వినేది ఆ ఒక్క పూటే. ఆ పూట ఆమె దాన్ని మా తమ్ముడి నోట విన్నది.