గుత్తివంకాయలో రేసుబండి

సికింద్రాబాద్‌లో బండి డివైడర్ ఎక్కించినవాళ్ళున్నారు, నాలాలో దించినవాళ్ళున్నారు. కానీ మోటారు సైకిల్‌ని తిన్నగా గుత్తివంకాయ కూరలోకి నడిపినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ దసరా నాడు, కట్టుకున్న భార్య హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగా. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. బోయిగూడలో మా గల్లీ మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

ముందు బండి సంగతి. పెళ్ళికాని రోజుల్లో కొన్న ఎర్రటి స్పోర్ట్స్ బైక్ అది. ట్యాంకు మీద పడుకుని నడపాలి. దూరం నుంచి చూసేవాళ్ళకు నేను బండి నడుపుతున్నట్టు కాక, దాని చెవిలో ఏదో రహస్యం చెబుతున్నట్టు కనిపించేవాణ్ణి. మీటరు మీద అంకెలు మూడు వందల దాకా ఉండేవి. బోయిగూడ నుంచి ప్యాట్నీ దాకా ఉండే ట్రాఫిక్‌లో ముప్పై దాటితే నాకు ఆ రోజు పండుగే. ఆరు గేర్లున్నాయని కంపెనీవాళ్ళు చెప్పారు. నేను మూడింటిని చూశాను. మిగతావి కూడా ఉన్నాయనే నమ్మకంతో బతికాను.

ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వేడికి తొడలు ఉడికేవి. నడుము సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ఏం దర్జా అండీ! ఆగితే చాలు, కుర్రాళ్ళు మూగేవాళ్ళు. "అన్నా, టాప్ ఎంత పోతది?" "అన్నా, ఒక్క సెల్ఫీ!" నేను హెల్మెట్ తీసి, జుట్టు ఒకసారి విదిలించి, ఏమీ పట్టనట్టు ఎటో చూసేవాణ్ణి. అప్పట్లో నాకు జుట్టుండేది.

తర్వాత లోకానికి ఏమైందో తెలియదు. "అన్నా" పోయి "అంకుల్" వచ్చింది. "టాప్ ఎంత" పోయి "మైలేజ్ ఎంత" వచ్చింది. కొన్నాళ్ళకు అదీ అడగడం మానేశారు. లడఖ్ పోవాలనుకునే కుర్రాళ్ళు పెట్టెలు కట్టిన పొడుగు బండ్లు కొన్నారు, ఆఫీసుకు పోవాలనుకునేవాళ్ళు కరెంటు స్కూటర్లు కొన్నారు. నా బండి లాంటివి రోడ్డు మీద ఒక్కొక్కటే మాయమైపోయాయి. ఒకరోజు క్లాక్ టవర్ దగ్గర నేను గుర్రుగుర్రుమంటూ నిలబడి ఉంటే, కాళ్ళ దగ్గర కూరగాయల సంచీ పెట్టుకున్న ఒక పెద్దావిడ, చప్పుడే లేని స్కూటర్ మీద నన్ను దాటి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మెకానిక్ దగ్గరికి పోతే అతనూ చేతులెత్తేశాడు. "సార్, గీ మోడల్ కంపెనీయే బంద్ జేసింది. పార్ట్ కోసం మీరు నన్నడిగితే నేనెవర్ని అడగాలె?"

ఇక మా ఆవిడ. పేరు పైడితల్లి, విజయనగరం పిల్ల. నేను పనిచేసే ఆఫీసులోనే చేరింది, అక్కడే పరిచయం. బండి చూసి నన్ను ప్రేమించిందని చాలాకాలం మురిసిపోయాను. పెళ్ళయ్యాక అడిగితే, "బండిని చూసి కాదండీ. దాని మీంచి దిగలేక ఆపసోపాలు పడుతుంటే జాలేసింది" అంది.

ఆమె ఉద్యోగం పోయింది. ఆమె పనిచేసే విభాగాన్నే ఎత్తేశారు. కొన్నాళ్ళు దిగులుగా తిరిగింది. తర్వాత ఒక సాయంత్రం మా ఇంటి ముందు గదిలో, అంటే బండి కాపురముండే గదిలో, నిలబడి నాలుగు గోడలూ చూసింది. ఆ గదికి గల్లీలోకి తెరుచుకునే షట్టరుంది.

"ఏవండీ, ఇక్కడ కర్రీ పాయింట్ పెడతాను. దసరానాడు మొదలెట్టీయాలి" అంది.

"మరి బండి?"

"బండి ఉన్నచోటే నా గిన్నెలు పెట్టుకోవాలి. గిన్నెలా బండా, మీరే చెప్పండి."

ఆమె చేతి వంట తిన్నవాడు ఎవడూ రెండోమాట అనడు. ఆమె ముఖంలో వెలుగు చూసి చాన్నాళ్ళయింది కూడా. "దసరాలోపు అమ్మేస్త, నాది గ్యారంటీ" అన్నాను.

ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టాను. ఫోన్లు రాకపోలేదు.

"అన్నా, దీని బదులు నా పాత స్కూటీ తీస్కుంటవా?"

"సార్, పెండ్లి ఫొటోషూట్ ఉన్నది. ఒక్కపూట కిరాయికిస్తరా? నడుపం, ఊకె కూసుంటం."

"గీ బండ్లు ఇంకా నడుస్తున్నయా అన్నా?" ఈ మూడోవాడు కొనడానికి కాదు, తెలుసుకోవడానికి చేశాడట.

పెట్రోమాక్స్ లైటు అమ్మడానికి కూర్చున్నట్టుంది నా పరిస్థితి. మా పైడితల్లి ఇవతల గిన్నెలు కొంటోంది, బోర్డు రాయిస్తోంది, రోజూ పొద్దున్నే బండి వంక చూసి నిట్టూరుస్తోంది. పైకి అనదు. అదే నాకు ఎక్కువ భయం.

దసరా ఇంకా రెండు రోజులుందనగా దేవుడు యాదగిరి రూపంలో ఫోన్ చేశాడు. రెజిమెంటల్ బజార్‌లో రంగుల దుకాణం. వయసు నాదే, పొట్ట నాకంటే పెద్దది.

"శీనన్నా, కాలేజ్ దినాలసంది నాకు గీ బండి అంటే పానం. అప్పుడు మా నాయిన కొనియ్యలె, ఇప్పుడు మా ఆవిడ కొననియ్యదు. ఆమె బతుకమ్మకని తల్లిగారింటికి వొయింది. ఆమె అచ్చేలోపట బండి ఇంట్ల వెట్టాలె. తర్వాత ఏమన్నా గానీ."

ఇన్నేళ్ళకు నా బండిని ప్రేమించే మనిషి దొరికాడు. ఫోన్‌లోనే కౌగిలించుకునేవాణ్ణి, వీలులేక ఆగాను.

దసరా రోజు పొద్దున బండిని గల్లీలోకి తీశాను. గదిని కడిగి, గడపకు పసుపు రాసి, షట్టరు ముందు టేబుల్ వేసింది పైడితల్లి. దాని మీద స్టీలు గిన్నెలు. దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, చారు, అన్నిటికీ ముందు పెద్ద గిన్నెలో నూనె తేలుతున్న గుత్తివంకాయ. కొత్త చీర కట్టుకుంది. నవ్వుతోంది.

యాదగిరి కొత్త చొక్కా వేసుకుని వచ్చి, బండి చుట్టూ తిరుగుతూ చేత్తో నిమిరాడు. తాళం చెవి చేతిలో పెట్టబోతుంటే పైడితల్లి ఆపింది.

"ఆగండాగండి. పూజ చెయ్యకుండా పంపించీస్తారేటి?"

"అమ్మేసే బండికి పూజేందే?"

"ఇన్నేళ్ళూ మీ కాళ్ళూ చేతులూ విరక్కుండా ఇంటికి తెచ్చిందండీ. పండగపూట దండమైనా పెట్టకుండా ఎలా పంపుతాం?"

ఆ బండిని చూసి నిట్టూర్చని రోజు లేదామెకు. అలాంటిది పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది.

"ముఖం ఇటు తిప్పండి. తోకకి హారతిస్తామేటి?" అంది. ఆమె షట్టరు దగ్గర, టేబుల్ పక్కన నిలబడి ఉంది కాబట్టి బండి ముఖం కొట్టువైపు తిప్పాను. పాఠకులు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోలేదు.

కొబ్బరికాయ నేనే కొట్టాను. నీళ్ళు మోచేతి దాకా కారాయి. తుడుచుకోకుండా అలాగే బండెక్కి స్టార్ట్ చేశాను. గేరు వేసి, క్లచ్ పట్టుకుని ఉన్నాను.

"మెల్లగండీ. నిమ్మకాయ నలిగితే చాలు" అంది పైడితల్లి.

"శీనన్నా, జెర రేజ్ చెయ్యి. ఒక్కసారి సౌండ్ ఇందాం" అన్నాడు యాదగిరి.

ఇద్దరిలో ఎవరి మాట వినాలో మీకు తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ మాట విని ఎన్నేళ్ళయిందండీ! సిగ్నల్ దగ్గర మూగిన కుర్రాళ్ళంతా కళ్ళముందు కదిలారు. లేని జుట్టు విదిలించాను. తిప్పాను. గల్లీ దద్దరిల్లింది. పై అంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి. యాదగిరి కళ్ళు మూసుకుని, "వారెవ్వా!" అన్నాడు.

ఇంకొంచెం తిప్పాను. కొబ్బరినీళ్ళకు వేళ్ళ కింద నుంచి క్లచ్ జారింది.

ముందు చక్రం గాలిలోకి లేచింది. దండ తెగి నా మెడలో పడింది. "ఏటండీఈఈ!" అంటూ పైడితల్లి హారతి పళ్ళెంతో పక్కకు దూకడం చూశాను. ఆ తర్వాత చూసింది వంకాయలే. ఇంజన్ ఆగేసరికి టేబుల్ రెండుగా విరిగి ఉంది, ముందు చక్రం పెద్ద గిన్నెలో ఉంది, నేను గోంగూర పప్పులో కూర్చుని ఉన్నాను. బండి తన పాత గదిలో, ఎప్పుడూ పడుకునే మూలకే చేరింది. క్లచ్ పిడి విరిగింది, ముందు అద్దం పగిలింది, ఇంజన్ కింద నుంచి నల్లటి ఆయిల్ కారి చారులో కలుస్తోంది.

బయట నిమ్మకాయ చెక్కుచెదరలేదు. ముందు చక్రం దాని మీద నుంచి ఎగిరింది, వెనకది పక్కనుంచి పోయింది మరి.

పైడితల్లి విరిగిన టేబుల్ని చూసింది, కొత్త చీర మీద మరకలు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. నేను పప్పులోంచి లేచే ధైర్యం లేక అలాగే కూర్చున్నాను.

"యాదగిరన్నా... బండి?" అన్నాను చివరికి.

యాదగిరి బండి వంక, నా వంక, మా ఆవిడ ముఖం వంక మార్చిమార్చి చూశాడు. తన ఇంట్లో జరగబోయేదంతా ఆయన కళ్ళకు కట్టినట్టుంది. బండికున్న తాళం చెవి తీసి మెల్లగా నా చేతిలో పెట్టేశాడు.

"వద్దే అన్నా. నాకు సంసారమున్నది" అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. గాలి పీల్చాడు. వెనక్కి తిరిగి, మొహమాటంగా అడిగాడు. "వదినా, ఏమనుకోకు. మా ఆవిడ లేదు, ఇంట్ల వంట లేదు. గుత్తొంకాయ లోపట ఏమన్న మిగిలిందా?"

పైడితల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "వంటింట్లో ఇంకో గిన్నెడుంది" అని లోపలికి పోయి, వేడివేడిగా కట్టి తెచ్చింది. బండి కొనడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి వంకాయ కూర కొనుక్కుని వెళ్ళాడు. అదే మా కొట్టుకు బోణీ.

కర్రీ పాయింట్ ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. విరిగిన బండిని ఉచితంగా ఇస్తానన్నా తీసుకుపోయేవాడు లేక, అదీ అదే గదిలో ఓ మూల ఉంది. హ్యాండిల్‌కు ప్యాకింగ్ కవర్లు వేలాడుతుంటాయి. సాయంత్రమైతే దాని ముందు ఎంత జనమనుకున్నారు! ఒక్కరూ దాన్ని చూడరు. మొన్న ఒక పెద్దమనిషి చాలాసేపు బండివైపే చూస్తూ నిలబడ్డాడు. నా గుండె ఝల్లుమంది. పరుగెత్తుకెళ్ళి, "ఏంది సార్, చెప్పండి!" అన్నాను.

"గీ బండి జెర పక్కకు జరుపుతరా? పప్పు కనవడ్తలేదు" అన్నాడాయన.

అందుకని, ఇంటి మీద, ఇంటి దీపం మీద, వంటింట్లో మిగిలిన ఆ రెండో గిన్నె మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. తడిచేత్తో క్లచ్ పట్టను. "సౌండ్ ఇందాం" అన్నవాణ్ణి గల్లీలోకి రానివ్వను. కూరవైపు ముఖం పెట్టి ఏ బండినీ స్టార్ట్ చెయ్యను.

పార్సిళ్ళకని మా ఆవిడ కరెంటు స్కూటర్ కొంది. ఈ దసరాకు దాని చక్రం కింద నిమ్మకాయ పెట్టి, నా వంక చూసింది. నేను చేతులు శుభ్రంగా తుడుచుకుని, తాళం చెవి ఆమె చేతికిచ్చి, వెనక నుంచి మెల్లగా తోశాను.

నిమ్మకాయ నలిగింది.