మౌనమునుల గూట్లో పులిహోర

మూడు వారాలుగా మా మేఘన నాతో మాట్లాడటం లేదు. తప్పు నాదే. పదిహేడేళ్ల పిల్లను ఒక్క మాటైనా అడక్కుండా, "మా అమ్మాయి మెడిసిన్‌కే వెళ్తోంది" అని మా నాటింగ్‌హామ్ తెలుగు ఆంటీల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. డాక్టర్ల ఇంట్లో ఇంకేం చదువుతారని నా ధీమా! ఈలోగా దాని హిస్టరీ ప్రాజెక్టు కోసం యార్క్‌షర్‌లో ఒక పాత మఠం చూడాల్సి వచ్చింది. వాళ్ల నాన్నకు ఆస్పత్రిలో ఆన్‌కాల్ డ్యూటీ. డ్యూటీల రోటాలో నాకే శనివారం ఖాళీ.

ఉదయం ఏడున్నరకు నాటింగ్‌హామ్‌లో రైలెక్కి, షెఫీల్డ్‌లోనూ యార్క్‌లోనూ మారాం. ఎదుటి సీట్లో ఉన్న ఇంగ్లీషు పెద్దావిడ మేఘనను చూసి, "వాట్ ఎ క్వయట్ గర్ల్!" అని మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. పదకొండింటికి నార్తలర్టన్‌లో దిగి టాక్సీ పట్టుకున్నాం. బస్సు ఎప్పుడో ఒకటి వస్తుంది, వెళ్లేవాళ్లు వేళలు చూసుకోండి.

ఈ మఠం కార్తూసియన్లనే క్రైస్తవ సన్యాసులది. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఏడుగురు మిత్రులు ఫ్రాన్స్ కొండల్లోకి పోయి, పక్కపక్కనే గుడిసెలు వేసుకుని, ఎవరి గుడిసెలో వాళ్లు ఒంటరిగా, మౌనంగా ప్రార్థన చేసుకుంటూ ఉండిపోయారట. అలా పుట్టిందీ సంఘం. మాట్లాడుకోకుండా ఉండటానికి స్నేహితులంతా కలిసి కొండెక్కడమేమిటో! నాకైతే ఒక్క పూటకే పిచ్చెక్కుతుంది.

శిథిలాల మధ్య ఒక ముని ఇంటిని మళ్లీ కట్టి చూపిస్తున్నారు. రెండంతస్తులు, వెనక సొంత తోట. ఆస్పత్రిలో మా ఆన్‌కాల్ గది దీని ముందు దిగదుడుపే. వాకిలి పక్కన గోడలో మలుపు తిరిగిన గూడు ఉంది. బయటివాళ్లు అందులో భోజనం పెడితే లోపలి ముని తీసుకునేవాడట. ఒకరి మొహం ఒకరికి కనబడదు.

ఒంటిగంటకు మేఘన ఇంకా లోపలే నోట్సు రాసుకుంటోంది. నేను బయట నిలబడి పులిహోర డబ్బా గూట్లోకి తోశాను. లోపలినుంచి మేఘన లాక్కుంటే డబ్బా గీసుకుంటూ పోయింది. కాసేపటికి దాని గొంతు వినిపించింది.

"మమ్, ఐ వాంట్ టు డూ హిస్టరీ. యూ నెవర్ ఆస్క్‌డ్ మీ."

మొహం కనబడి ఉంటే, అదేం చదువే అని విరుచుకుపడేదాన్నే. గోడతో ఏం పోట్లాడతాం!

"మరి ముందే చెప్పచ్చుగా?" అన్నాను.

"యూ హాడ్ ఆల్రెడీ టోల్డ్ ఎవ్రీబడీ."

నిజమే. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిపోయిందే తల్లీ," అన్నాను ఆ గోడతోనే. లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

నాలుగున్నర రైలుకు తిరుగు ప్రయాణం. ఈ మఠం తప్పక చూడండి, ఇంట్లో అలిగినవాళ్లుంటే వెంటబెట్టుకుని మరీ వెళ్లండి. యార్క్ దాటాక, "మా అమ్మాయి హిస్టరీ చదువుతుంది. మెడిసిన్ అని నేనే తొందరపడి చెప్పాను" అని గ్రూపులో టైపు చేశాను. అంతమంది ఆంటీలు! ఫోన్ మేఘనకు చూపించి, "పంపమంటావా?" అని అడిగాను.

అది రెండుసార్లు చదివింది. "పంపమ్మా," అంది.

మరుక్షణం నుంచీ ఫోన్ ఒకటే మోగడం. మేఘన దాన్ని లాక్కుని సైలెంట్‌లో పెట్టేసింది. ఇల్లు చేరేదాకా మేమిద్దరం మాట్లాడుతూనే ఉన్నాం.